హల్దియా వెళ్ళే బొగ్గు ఓడ ముందు వైజాగ్‌లో సగం ఎందుకు దించుతుంది? అసలు ఆ రేవు ఎవరిది?

గాజువాక శీను (ప్రశ్న):

అందరికీ నమస్కారం. వైజాగ్‌లో ఒక స్టీమర్ ఏజెంటు ఆఫీసులో ఈమధ్యే చేరాను. బొగ్గు ఓడల కాగితాలు నా చేతి మీదుగా వెళ్తాయి. చాలా ఓడలది ఒకటే తంతు. ఆస్ట్రేలియాలో కోకింగ్ కోల్ (ఉక్కు తయారీకి వాడే బొగ్గు) నింపుకుని వస్తుంది, ఇక్కడ సగం దాకా దించుతుంది, మిగతాది పట్టుకుని హల్దియా పోతుంది. రెండు రేవుల్లో రెండుసార్లు పైలట్ ఖర్చు, రెండుసార్లు బెర్త్ ఖర్చు. ఒక్కచోటే దించేస్తే పోదా? మా సీనియర్‌ని అడిగితే "అక్కడ నీళ్ళు లేవురా" అని తేల్చేశాడు. గంగలో నీళ్ళు లేకపోవడం ఏమిటో నాకు బోధపడలేదు.

ఇంకో సందేహం. ఒక కాగితం మీద కోల్‌కతా పోర్ట్ ట్రస్ట్ అని, ఇంకోదాని మీద శ్యామాప్రసాద్ ముఖర్జీ పోర్ట్ అని, మరోదాని మీద హల్దియా డాక్ కాంప్లెక్స్ అని ఉంటుంది. మూడూ ఒకటేనా? అది కేంద్రానిదా, బెంగాల్ ప్రభుత్వానిదా? లోతు చాలకపోతే తవ్వించాల్సింది ఎవరు?

విజయనగరం లాయర్:

రెండో ప్రశ్నకి క్లుప్తంగా చెప్తాను, మొదటిది ఓడల వాళ్ళు చూసుకుంటారు.

మూడూ ఒకటే. కోల్‌కతా పోర్టుకి రెండు డాక్ వ్యవస్థలున్నాయి, ఒకటి కోల్‌కతాలో, రెండోది కిందకి హల్దియాలో. 2020లో పేరు మార్చారు. 2021 మేజర్ పోర్ట్ అథారిటీస్ చట్టంతో "ట్రస్ట్" పోయి "అథారిటీ" వచ్చింది. పాత ఫారాల మీద పాత పేరు ఇంకా ఉంటుంది, కంగారు పడకండి.

యాజమాన్యం కేంద్రానిది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో మేజర్ పోర్టులు కేంద్ర జాబితా 27వ ఎంట్రీలో ఉన్నాయి. మిగతావి ఉమ్మడి జాబితా 31వ ఎంట్రీలో ఉన్నాయి, వాటిని ఆచరణలో రాష్ట్రాలే నడుపుతాయి. మేజర్, మైనర్ అన్నది సైజుని బట్టి కాదు, చట్టం కింద ప్రకటించారా లేదా అన్నదాన్ని బట్టి. మీ పక్కనే ఉన్న గంగవరం మైనరు. హల్దియాలో కలలోకి కూడా రానంత పెద్ద ఓడలు అక్కడికి వస్తాయి. అయినా అది మైనరే!

పాత డ్రెడ్జర్:

శీనూ, మీ సీనియర్ చెప్పింది సగమే. నీళ్ళున్నాయి, లోతు లేదు. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం హుగ్లీలో, అంటే కోల్‌కతా, హల్దియాల పక్కనుంచి పారే గంగ పాయలో, అడుగు బురద తవ్వే డ్రెడ్జర్ల మీదే గడిచింది కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను. ఓపికుంటే చదువు.

ముందు నీ బొగ్గు ఓడ సంగతి. పనామాక్స్ ఓడ (పాత పనామా కాలవలో పట్టే సైజుది) నిండా బరువుతో వస్తే పదమూడు, పద్నాలుగు మీటర్లు నీళ్ళలో మునిగి ఉంటుంది. ఆ మునిగే లోతునే డ్రాఫ్ట్ అంటాం. హల్దియాలో దొరికే డ్రాఫ్ట్ ఎనిమిది మీటర్లకి అటూ ఇటూ. ఆ సైజు ఓడ ఒక్క సెంటీమీటరు పైకి తేలాలంటే 65 నుంచి 70 టన్నులు దించాలి. అలాంటిది ఐదు మీటర్లు తేలాలంటే ఎంతవుతుందో నువ్వే లెక్కేసుకో. ముప్ఫై వేల టన్నులు దాటిపోతుంది. మీరు వైజాగ్‌లో దించుకుంటున్నది అదే. కొన్ని ఓడలు ఒడిశాలో పారాదీప్‌లోనో ధామ్రాలోనో దించుతాయి. కొన్ని ఏటి మొగలో సాగర్ దగ్గరో, ఇంకా బయట సముద్రంలో శాండ్‌హెడ్స్ దగ్గరో లంగరేసి, సరుకుని చిన్న ఓడల్లోకి మారుస్తాయి. ఎక్కడ చేసినా కారణం ఒకటే.

ఇక లోతు ఎందుకు లేదంటావా, అది ఆ ఏటి స్వభావం. పోటు తక్కువ సేపట్లో బలంగా దూసుకొస్తుంది, వస్తూ వస్తూ మొగలో ఉన్న ఒండ్రుని లేపుకొస్తుంది. పాటు ఎక్కువ సేపు నెమ్మదిగా తీస్తుంది. పోటు తెచ్చినదంతా తిరిగి మోసుకుపోయే సత్తువ దానికి లేదు. ఎగువ నుంచి గంగ నీళ్ళు వచ్చి పాటుకి తోడైతేనే మేట కదులుతుంది. కానీ గంగ అసలు ప్రవాహం కొన్ని వందల ఏళ్ళ కిందటే పద్మ వైపు, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ వైపు పోయే పాయకి, తిరిగిపోయింది. ఎండాకాలంలో భాగీరథి (హుగ్లీకి ఎగువ భాగం పేరు) తల దగ్గర నీరు అందడమే గగనమయ్యేది. ఇది కొత్తగా వచ్చిన జబ్బు కాదు. హుగ్లీ పూడిపోతోందని 1860ల్లోనే గగ్గోలు పెట్టి, మాట్లా నది మీద పోర్ట్ కానింగ్ అని పోటీ రేవు కట్టారు. 1867 తుపాను దాన్ని ఊడ్చేసింది. చచ్చిపోతుందనుకున్న కలకత్తా మిగిలింది, దానికి పోటీగా కట్టింది పోయింది.

మనవాళ్ళకి బాగా తెలిసిన పేరు ఒకటి ఈ కథలో ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర 1850ల్లోనే రాజ్‌మహల్ దగ్గర గంగకి అడ్డకట్ట వేసి నీళ్ళని హుగ్లీకి మళ్ళించమన్నాడు. అప్పుడు ఎవరూ చెవిన పెట్టలేదు. వందేళ్ళు దాటాక మన ప్రభుత్వం దాదాపు అదే పని ఫరక్కాలో చేసింది. బ్యారేజీ రెండుంపావు కిలోమీటర్ల పొడుగు, దాని పక్కనుంచి 38 కిలోమీటర్ల ఫీడర్ కాలవ, అందులో 40 వేల క్యూసెక్కులు. 1975లో నీళ్ళు వదిలారు. ఆ 40 వేల లెక్క సాగు కోసం వేసింది కాదు, పోర్టు కోసం వేసింది.

మరి నీళ్ళొచ్చాయి కదా, లోతు ఏదీ అంటావు. ఎవరిదీ రేవు అన్న నీ రెండో ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడుంది. లాయరు గారు యజమాని ఎవరో చెప్పారు. నన్నడిగితే నది రేవుకి ఆ మాట చాలదు. లోతు ఎవరి చేతిలో ఉందో చూడాలి. ఫరక్కా గేట్లు జలశక్తి శాఖవి. ఆ నీళ్ళని బంగ్లాదేశ్‌తో పంచుకునేది 1996 డిసెంబరు ఒప్పందం ప్రకారం, అది 30 ఏళ్ళకి రాసుకున్నది. జనవరి నుంచి మే దాకా పది రోజులకోసారి లెక్క చూస్తారు. ఫరక్కా దగ్గర 75 వేల క్యూసెక్కులు దాటితే మనకి 40 వేలు, 70 వేలు లేదా అంతకంటే తగ్గితే చెరిసగం. అంటే హుగ్లీకి నీళ్ళు ఎప్పుడు ఎక్కువ కావాలో, సరిగ్గా అప్పుడే వాటా తగ్గుతుంది. అవతలి గట్టు మీద వాళ్ళకీ అదే ఎండాకాలం, వాళ్ళ బాధ వాళ్ళది. పోర్టు చైర్మన్ ఈ చర్చల్లో ఎక్కడా లేడు. ఆయన ఓడరేవుల శాఖ కింద పనిచేసే మనిషి. పైన గేట్లు ఇంకొకరివి, ఒప్పందం మరొకరిది. మధ్యలో ఏరు తెచ్చే బురద మాత్రం ఈయన ఖాతాలో పడుతుంది.

ఆ బురద తీసే పని ఎలా ఉంటుందో చెప్తాను. ఓడ పక్కన లావుపాటి పైపు, దాని చివర డ్రాగ్‌హెడ్. దాన్ని అడుక్కి దించి రెండు మూడు నాట్ల వేగంతో ఈడ్చుకుపోతుంటే, పంపు ఒండ్రునీ నీళ్ళనీ కలిపి లాగి హాపర్‌లో పోస్తుంది. హాపర్ అంటే ఓడ మధ్యలో ఉండే పెద్ద తొట్టి. ఇసుకైతే గబగబా అడుక్కి దిగుతుంది, పైనుంచి పొర్లిపోయేది ఉత్త నీళ్ళే. సన్న ఒండ్రు అలా దిగదు. పొర్లే నీళ్ళు టీ రంగుకి తిరిగాయంటే, లాగింది లాగినట్టే మళ్ళీ ఏట్లోకి పోతోందని అర్థం. ఆ క్షణమే పైపు ఎత్తేసి డంపింగ్ గ్రౌండ్‌కి బయల్దేరాలి. దగ్గర్లో పోస్తే తర్వాతి పోటుకి అదే బురద తిరిగి చానెల్లోకి వస్తుంది. దూరం పోయి పోస్తే రోజుకి వేసే ట్రిప్పులు తగ్గుతాయి. ఎన్ని ఘనమీటర్లు తీశావు అన్నదాన్ని బట్టి డబ్బు కట్టే కాంట్రాక్టు ఒకలా పని చేయిస్తుంది, చానెల్లో ఎంత లోతు నిలబెట్టావు అన్నదాన్ని బట్టి కట్టేది ఇంకోలా చేయిస్తుంది. నేను రెండు రకాలూ చూశాను. మొదటి రకంలో హాపర్ నిండితే అందరూ సంతోషమే. మర్నాడు సర్వే లాంచి వచ్చి సౌండింగ్ తీస్తే లోతు నిన్నటంతే ఉండేది.

ఈ తవ్వకం డబ్బు ఎవరిచ్చారంటే, చాలా ఏళ్ళు కేంద్రమే. మిగతా మేజర్ పోర్టులు చానెల్ నిర్వహణ తవ్వకం తమ రాబడిలోంచి చేసుకుంటుంటే, హుగ్లీకి మాత్రం ఢిల్లీ నుంచి సబ్సిడీ వచ్చేది. సొంత సంపాదనతో ఆ ఏటిని తవ్వుకోవడం దాని వల్ల కాదని అందరికీ తెలుసు. డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1976లో పుట్టింది, దాని హెడ్డాఫీసు మన వైజాగ్‌లోనే. హల్దియా దానికి ఏళ్ళ తరబడి పెద్ద ఖాతా. 2019లో కేంద్రం తన వాటాని నాలుగు పోర్టులకి అమ్మింది: విశాఖ, పారాదీప్, నెహ్రూ పోర్ట్, కాండ్లా. ఆ నలుగురిలో కోల్‌కతా లేదు. ఏడాది పొడుగునా తవ్వించుకునే రేవు అది. అదే లేకపోవడం నాకు ఇప్పటికీ వింతే.

పాలన చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1866లో రేవుని నగర జస్టిసులకి (అప్పట్లో పురపాలన చూసేవాళ్ళు) అప్పగించి చూశారు, నడవలేదు. 1870 చట్టంతో పోర్ట్ కమిషనర్లని పెట్టారు. తర్వాత్తర్వాత బెంగాల్ చాంబర్ ఆఫ్ కామర్స్ లాంటి వర్తక సంఘాలకి అందులో కుర్చీలిచ్చారు. 1963లో మేజర్ పోర్ట్ ట్రస్ట్స్ చట్టం వచ్చినా, కలకత్తా, బొంబాయి, మద్రాసు తమ పాత చట్టాల కిందే ఉండి, 1975లో దీని కిందకి వచ్చాయి. 1977లో హల్దియా డాక్ తెరిచారు. ఇప్పుడు సరుకులో పెద్ద వాటా దానిదే.

ఖిదిర్‌పూర్ అప్పారావు:

బాబాయ్, హల్దియా గురించి బాగా చెప్పారు. కోల్‌కతా డాకుల్ని మాత్రం ఒక్క ముక్కలో దాటేశారు. మా తాత శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ డాక్‌లో మూటలు మోశాడు. నేను పుట్టి పెరిగింది ఖిదిర్‌పూర్‌లోనే.

1864 తుపానుకి ఏట్లో లంగరేసిన ఓడలు తాళ్ళు తెంచుకుని ఒకదాని మీద ఒకటి పడ్డాయి. దానికి తోడు ఇక్కడ "బాన్" ఉంటుంది. పెద్ద పోటు రోజుల్లో గోడలా ఒక్క కెరటం ఏటికి ఎదురు ఎక్కివస్తుంది. ఏట్లో కట్టేసిన ఓడకి అదనంగా తాళ్ళు బిగించాల్సిందే. అందుకే లాక్ గేటు పెట్టి లోపల నీళ్ళు కదలకుండా డాకులు కట్టారు. ఖిదిర్‌పూర్ డాక్ 1892లో తెరిచారు. ఇప్పుడు నేతాజీ సుభాష్ డాక్ అంటున్నది 1928లో కింగ్ జార్జ్ డాక్‌గా మొదలైంది. 1943 డిసెంబరులో జపాను విమానాలు పట్టపగలు ఈ డాకుల మీద బాంబులేశాయి. పోయినవాళ్ళలో డాక్ కూలీలు చాలామంది. మా ఇంట్లో ఆ మాటొస్తే ముసలమ్మ ఇప్పటికీ గొంతు తగ్గిస్తుంది.

ఓడ లోపలికి వస్తుంటే బాస్క్యూల్ బ్రిడ్జి రెండు రెక్కలూ పైకి లేస్తాయి. రోడ్డు ఆగిపోతుంది. బస్సులో కూర్చున్నవాళ్ళు తిట్టుకుంటారు, పిల్లలు దిగి చూస్తారు. వచ్చే ఓడలు మరీ పెద్దవి కావు, 170 మీటర్ల పొడుగు దాటితే ఇక్కడ పని కష్టం. సముద్రం నుంచి పైకి రెండొందల కిలోమీటర్ల దాకా ప్రయాణం, దారంతా పైలట్ ఉండాల్సిందే.

ఇంకో సంగతి, బయటివాళ్ళు నమ్మరు. హౌరా బ్రిడ్జి పోర్టుదే. దాని నిర్వహణంతా పోర్టు చేతిలోనే ఉంది. అంతకు ముందు 1874లో వేసిన పడవల వంతెన కూడా పోర్ట్ కమిషనర్ల నిర్వహణలోనే ఉండేది. ఏటి గట్టు మీద వేల ఎకరాలు, గోదాములు, స్నానఘట్టాల పక్క స్థలాలు, ఎప్పుడో రాసిన లీజులు, తేలని అద్దెలు, కోర్టు కేసులు, ఇవన్నీ పోర్టు నెత్తినే. పెన్షన్ల భారం సరేసరి, పని చేసేవాళ్ళకంటే తీసుకునేవాళ్ళు ఎక్కువ. ఇది సగం రేవు, సగం జమీందారీ.

కాకినాడ మెరైనర్:

ఇదంతా విన్నాక ఒక్కటే అడుగుతాను. ఏటేటా ఆ బురద తీయడానికి అంత డబ్బు పొయ్యడం దేనికి? ధామ్రా, పారాదీప్ లోతైన సముద్రం పక్కనే ఉన్నాయి. బొగ్గంతా అక్కడ దించి రైలెక్కిస్తే అయిపోతుంది. గంగతో పోట్లాట ఎందుకు?

పాత డ్రెడ్జర్:

ఈ మాట నేను డ్రెడ్జర్ మీద ఉన్నప్పుడే మెస్‌లో రోజూ వినేవాణ్ణి. బొగ్గు వరకైతే నీ మాట కొంత నిజమే. ఇప్పటికే చాలా సరుకు అటు వెళ్ళిపోయింది కూడా. కానీ దుర్గాపూర్, బర్న్‌పూర్ ఉక్కు కర్మాగారాలకి హల్దియా దగ్గర. రైలు దూరం పెరిగితే ఆ ఖర్చు టన్ను మీద పడుతుంది. ఓడలో మిగిల్చింది రైల్లో పోతుంది. హల్దియా రిఫైనరీ, దాని చుట్టూ ఉన్న రసాయన ఫ్యాక్టరీలు ఆ రేవుని నమ్ముకుని వచ్చినవే. నేపాల్ సరుకులో చాలా భాగం ఇటునుంచే పోతుంది. హల్దియా నుంచి ప్రయాగ దాకా 1620 కిలోమీటర్ల జాతీయ జలమార్గం 1ని 1986లో ప్రకటించారు. దాని కింది కొస కూడా ఇక్కడే. ఒక్క తవ్వకం బిల్లు చూసి మూసేయమంటే ఎలా? నా అభ్యంతరం వేరే. ఆ బిల్లు ఎందుకు కడుతున్నామో, దానికి బదులు ఎంత లోతు వచ్చిందో ఏటా జనం ముందు పెట్టాలి. హల్దియా దారిలో ఆక్లాండ్ బార్ అనే మేట మీద ఏళ్ళ తరబడి తవ్వి తవ్వి, చివరికి పక్కనే సహజంగా లోతు పడిన ఈడెన్ చానెల్‌కి ఓడల్ని మళ్ళించారు. ఏరు తనంతట తానే దారి చూపిస్తుంటే దాన్ని ఇంకా ముందే పట్టుకోవచ్చని మా సర్వే కుర్రాళ్ళు అనేవాళ్ళు.

విజయనగరం లాయర్:

పాలన గురించి ఒకటి కలుపుతాను. 2021 చట్టం ప్రకారం బోర్డులో చైర్‌పర్సన్, డిప్యూటీ, రాష్ట్ర ప్రభుత్వం నుంచి ఒకరు, రైల్వే నుంచి ఒకరు, రక్షణ శాఖ నుంచి ఒకరు, కస్టమ్స్ నుంచి ఒకరు, కేంద్రం నామినేట్ చేసే ఒకరు, ఉద్యోగుల తరఫున ఇద్దరు, పైన ఇద్దరి నుంచి నలుగురు ఇండిపెండెంట్ సభ్యులు. పాత ట్రస్టీల బోర్డు కంటే చిన్నది. పాత పద్ధతిలో ఓడల వాళ్ళకీ ఎగుమతిదారులకీ బోర్డులో ప్రతినిధులు ఉండేవాళ్ళు, ఇప్పుడు ఆ కుర్చీలు లేవు. రేట్లు పూర్వం టాంప్ (మేజర్ పోర్టుల రేట్ల కోసం కేంద్రం పెట్టిన సంస్థ) నిర్ణయించేది, ఇప్పుడు బోర్డే నిర్ణయించుకోవచ్చు. నీటిపారుదల శాఖ నుంచి గానీ ఫరక్కా నుంచి గానీ ఒక్క మనిషి ఈ జాబితాలో లేడు. సముద్రం ఒడ్డున ఉన్న పన్నెండు రేవులకీ, నదిలో ఉన్న ఈ ఒక్కదానికీ ఒకటే మూస. పాత డ్రెడ్జర్ గారు చెప్పిన చిక్కు చట్టంలోనే ఉంది.

ఖిదిర్‌పూర్ అప్పారావు:

పన్నెండు కాదు లాయరు గారూ, నడుస్తున్న మేజర్ పోర్టులు ఇదీ కలుపుకునే పన్నెండు. మహారాష్ట్రలో వాఢవన్ పూర్తయితే పదమూడు.

విజయనగరం లాయర్:

అవును, దీన్ని తీసేస్తే పదకొండు. అందులోనూ ఎన్నూరు కామరాజర్ పోర్టు కంపెనీగా నడుస్తుంది, అది ఈ చట్టం కిందకి రాదు. థాంక్స్.

గాజువాక శీను:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. పాత డ్రెడ్జర్ గారూ, ఆఫీసుకి పనికొచ్చే ప్రశ్న ఒకటి. వైజాగ్‌లో ఎంత దించాలో ఎవరు, ఎప్పుడు తేలుస్తారు? ఓడ ఇక్కడికి వచ్చేసరికి హల్దియా డ్రాఫ్ట్ మారిపోతే?

పాత డ్రెడ్జర్:

మంచి ప్రశ్న. హల్దియా డ్రాఫ్ట్ ఒక్క అంకె కాదు, రోజుకొకటి. అమావాస్య, పౌర్ణమి దగ్గర పెద్ద పోటు ఉంటుంది, ఓడ ఎక్కువ బరువుతో లోపలికి వెళ్తుంది. అష్టమి చుట్టుపక్కల నీరు సన్నగిల్లుతుంది. పోర్టు వాళ్ళు రాబోయే రోజులకి డ్రాఫ్ట్ అంచనా ముందే ప్రకటిస్తారు. నీ ఓడ హల్దియా చేరే తేదీ దగ్గర ఏ అంకె ఉందో చూడు. దానికంటే కొంచెం తక్కువే పెట్టుకుని, ఎంత దించాలో వెనక్కి లెక్క కట్టు. ఏట్లోకి వెళ్ళాక నీటి సాంద్రత తగ్గి ఓడ ఇంకాస్త దిగుతుంది, అది మర్చిపోయి వేసిన లెక్కలు చాలా చూశాను. చీఫ్ ఆఫీసర్ వేస్తాడులే అని వదిలెయ్యకు, నువ్వూ ఒకసారి వేసి సరిచూసుకో.

వైజాగ్‌లో బెర్త్ దొరక్క రెండు రోజులు ఆలస్యమైతే పెద్ద పోటు దాటిపోతుంది. అప్పుడు ఇంకో రెండు వేల టన్నులైనా ఇక్కడే దించాలి, లేదంటే శాండ్‌హెడ్స్ దగ్గర లంగరేసుకుని తర్వాతి పోటు దాకా కూర్చోవాలి. ఆ కూర్చున్న రోజుల డెమరేజ్ (ఆలస్యానికి కట్టే సొమ్ము) ఎవరు కట్టాలన్నది చార్టర్ పార్టీలో, అంటే ఓడ అద్దె ఒప్పందంలో, రాసి ఉంటుంది. మీ ఫైల్లో ఉన్న చార్టర్ పార్టీలో లైటరేజ్ క్లాజు (సరుకు కొంత దించి ఓడని తేలిక చేయడం గురించి రాసింది) తీసి, లంగరు దగ్గర ఆగిన సమయం లేటైమ్‌లో (సరుకు ఎక్కించి దించడానికి ఇచ్చిన గడువు) లెక్కకి వస్తుందా రాదా చూడు. ఆ ఒక్క వాక్యం మీదే సగం తగాదాలు నడుస్తాయి.